చలి పొద్దున సైకిళ్ల దండు

"అక్కా, ఇంత చలిలో నిజంగానే వెళ్తున్నామా?"

డిసెంబరు నెలలో ఓ ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు వచ్చిన ఫోను అది. కిటికీలోంచి చూస్తే వీధి దీపం చుట్టూ మంచు ముసురుకుని ఉంది. నిజం చెప్పొద్దూ, అదే మాట ఎవరినైనా నేనే అడుగుదామా అని అప్పటిదాకా రగ్గులో ముడుచుకుని ఆలోచిస్తున్నాను. కానీ నేను అడిగితే ఎలా? ఆ రోజు దండును నడిపించాల్సింది నేనే కదా! "వెళ్తున్నాం. స్వెట్టరు మీద ఇంకో చొక్కా వేసుకుని రా" అనేశాను.

దండంటే మరీ పెద్దదేం కాదు. ఎనిమిది మందిమి. అందరం రాజేంద్రనగర్, అత్తాపూర్ చుట్టుపక్కల వాళ్లమే. ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు నర్సు, ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకున్న వదిన ఒకరు, ఇంజనీరింగు చదివే పిల్లలు ఇద్దరు, మా పక్కింటి కోడలు, ఇంకో రెండేళ్లలో రిటైరు కాబోతున్న టీచరమ్మ. ఆఖర్న నేను. మాలో గేర్ల సైకిళ్లున్నది ముగ్గురికే. టీచరమ్మదైతే, వాళ్లమ్మాయి ఇంటర్లో తొక్కి అటక మీద పడేసిన పాత లేడీస్ సైకిలు. దుమ్ము దులిపి, టైర్లు మార్పించి, మూడు నెలలుగా తొక్కుతున్నారు.

మా దారి సులువైనదే. రాజేంద్రనగర్ నుంచి హిమాయత్‌సాగర్ మీదుగా ఔటర్ రింగురోడ్డు సర్వీసు రోడ్డు పట్టుకుని శంషాబాద్ చేరాలి. అక్కడ ఊళ్లోంచి పడమరకు తిరిగి నర్కుడ దారిలో అమ్మపల్లి రామాలయానికి వెళ్లాలి. దర్శనం, టిఫిను, తిరుగు ప్రయాణం. రానూపోనూ 40 కిలోమీటర్ల లోపే. బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద నేరుగా వెళ్తే దగ్గరే గానీ, లారీలూ, విమానాశ్రయానికి పరుగెత్తే కార్లూ పొగమంచులో మనల్ని చూసుకోవు. 158 కిలోమీటర్ల ఔటర్ మీదికేమో సైకిళ్లను అసలు రానివ్వరు. ఇక మనకు మిగిలింది సర్వీసు రోడ్డే.

ఊరు దాటితే వేరే లోకం

హిమాయత్‌సాగర్ దగ్గరికి వచ్చేసరికి నగరం వెనకబడిపోతుంది. 1908లో మూసీకి వచ్చిన వరద హైదరాబాదును ముంచేశాక, మళ్లీ అలాంటి ఉపద్రవం రాకుండా కట్టిన రెండు జలాశయాల్లో ఇదొకటి. ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ నీళ్లను కాపాడటానికే 1996లో ప్రభుత్వం జీవో 111 తెచ్చి, చుట్టూ ఉన్న 84 గ్రామాల్లో పెద్ద కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది. శంషాబాద్ పక్కనే 2008 మార్చిలో అంత పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయం వచ్చినా, పడమటి వైపు ఇంకా పొలాలూ, కూరగాయల మళ్లూ, మేకల మందలూ కనిపిస్తున్నాయంటే ఆ ఆంక్షల పుణ్యం కూడా ఉంది. 2022లో వాటిని ఎత్తేస్తూ మరో ఉత్తర్వు వచ్చింది. ఈ పచ్చదనం ఇంకెన్నాళ్లో అనిపించినప్పుడల్లా, ఉన్నప్పుడే కళ్లారా చూసుకుందాం అనుకుని పెడల్ మీద కాలు వేస్తుంటాను.

చలికాలంలో ఆ దారి అందమే అందం! చిక్కుడు పాదుల మీద మంచు బొట్లు, ముగ్గులు వేసే ఇల్లాళ్లు, ధనుర్మాసమైతే గుడి మైకులోంచి తిరుప్పావై. తల మీదుగా విమానం దిగుతుంటుంది. పొగమంచులో చప్పుడు వినిపిస్తుంది గానీ విమానం కనపడదు. పైన అంత వేగం, కింద మన చైను కిర్రుమనే చప్పుడు. ఎవరికైనా నవ్వొస్తుంది.

ఆ పది నిమిషాలు

ఆ ఆదివారం శంషాబాద్ వరకూ బాగానే వెళ్లాం. అక్కడ టీ తాగి నర్కుడ రోడ్డెక్కాం. పొగమంచు చిక్కబడింది. టీ కోసం ఆగినప్పుడు చెమట చల్లబడిందేమో, నాకు వీపు వణకడం మొదలైంది. "కాస్త జోరుగా తొక్కితే ఒంట్లో వేడి పుడుతుంది" అన్నాను. నా వెనకే ఇంజనీరింగు పిల్లలిద్దరూ అందుకున్నారు. మిగతావాళ్లు వాళ్ల వెనక. బాగా వేడెక్కాక ఓ మలుపు దగ్గర ఆగి తలలు లెక్కపెట్టాను.

ఏడు.

మళ్లీ లెక్కపెట్టాను. నాతో కలిపి ఏడే. టీచరమ్మ లేరు.

ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. వెనక్కి చూస్తే తెల్లటి పొగమంచు తప్ప ఏమీ లేదు. ఆ క్షణంలో నా మనసులోకి వచ్చిన మాట పైకి అనలేదు. మిగతా ఆరుగురూ అనలేదు. కానీ అందరి మొహాల్లోనూ అదే ఉంది. ఇది శంషాబాద్ కదా!

2019 నవంబరు 27 రాత్రి ఇక్కడికి దగ్గర్లోనే, తొండుపల్లి టోల్‌ప్లాజా వద్ద, స్కూటరు టైరులో గాలి లేక ఒంటరిగా నిలబడిపోయిన ఓ యువ పశువైద్యురాలు ఇంటికి తిరిగి రాలేదు. మర్నాడు షాద్‌నగర్ సమీపంలో చటాన్‌పల్లి దగ్గర ఆమె దేహం దొరికింది. 'దిశ' అని పేరు పెట్టుకుని దేశమంతా ఆమె కోసం ఏడ్చింది. ఆ తర్వాత ఎన్నో ఇళ్లలో అమ్మాయిల బళ్ల తాళాలు అమ్మానాన్నల జేబుల్లోకి వెళ్లిపోయాయి. మా దండు బయల్దేరేటప్పుడు కూడా ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అడిగిన ప్రశ్న ఒకటే: "పోయిపోయి అటువైపేనా?"

ఇద్దరు పిల్లల్నీ ముందు వద్దని, ఏడుగురం కలిసే వెనక్కి తిరిగాం. మెల్లగా, పిలుచుకుంటూ వెళ్లాం. రెండు కిలోమీటర్లు వెళ్లామో లేదో రోడ్డు పక్కన ఎర్రగా మంట. మంట ముందు టీచరమ్మ! చేతులు చాచి కాగుతున్నారు. పక్కన ఓ ముసలమ్మ, ఆమె వెనక నాలుగైదు మేకలు. సైకిలు గొలుసు ఊడి వేలాడుతోంది.

జరిగింది ఇదీ. గొలుసు ఊడింది. తగిలిద్దామంటే చలికి వేళ్లు కొయ్యబారిపోయి మాట వినలేదు. ఫోను సంచి అడుగున ఉంది, చేతికి ఉన్ని గ్లవుజులు. "అరిచి పిలవకపోయారా?" అంటే, "ఎందుకమ్మా, మీరంతా ఉత్సాహంగా వెళ్తున్నారు. నా వల్ల అందరూ ఆగడం ఎందుకని..." అన్నారు.

ముసలమ్మ మాత్రం ఊరుకోలేదు. నా వంక ఎగాదిగా చూసి, "ముందల పోయేటిది నువ్వేనా బిడ్డా? ఎనక సూసుకోవద్దా? నేను మేకల కాడ గట్లనే సూస్త. ముందటి మేక ఏడికీ పోదు. ఎనకదే ఆగమైతది" అంది.

నాకు నోట మాట రాలేదు. నలుగురికీ దారి చూపిస్తానని బయల్దేరినదాన్ని, నా చలి పోగొట్టుకోవడానికి నేను ముందుకెళ్లిపోయాను. అంతకన్నా చెప్పేదేముంది?

ముందెవరు, వెనకెవరు?

గుంపుగా సైకిలు తొక్కడంలో నాయకత్వం అనగానే అందరికన్నా బాగా తొక్కేవాళ్లు ముందుండటం అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఆ రోజు ఇంటికి వచ్చాక తెలిసినవాళ్లను అడిగాను, చదివాను. సైకిలు సంఘాలకు ఇది కొత్త సంగతేం కాదు.

ఫ్రాన్సులో 1904లో 'ఆడాక్స్' అనే పద్ధతి మొదలైంది. అది పందెం కాదు. గుంపు మొత్తం ఒకే వేగంతో కలిసి వెళ్లాలి, కలిసి చేరాలి. దారి కెప్టెన్లు ముందుండి వేగం నిర్ణయిస్తారు. వాళ్లను దాటి ఎవరూ వెళ్లకూడదు. అక్కడ ఇప్పటికీ ఆ పద్ధతిలో తొక్కేవాళ్లు గంటకు 22.5 కిలోమీటర్ల వేగం పాటిస్తారు. తర్వాత 1921లో ఎవరి వేగం వారిది అనే మరో పద్ధతి వచ్చింది. మన హైదరాబాద్ రాండనియర్స్ నిర్వహించే 200 కిలోమీటర్ల సవారీలు ఆ కోవకు చెందినవే. వాటిని పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాలి. అలవాటైనవాళ్లకు అది మంచిదే. కానీ మనలాంటి కొత్తవాళ్ల దండుకు, అందులోనూ చీకట్లో, చలిలో, పాతకాలపు పద్ధతే క్షేమం. అందరం కలిసి వెళ్లడం, కలిసి రావడం.

అందుకే ఇప్పుడు మా దండులో ముందు ఒకరు, చివర ఒకరు ఉంటారు. ముందుండే మనిషికి దారి తెలిస్తే చాలు. చివర ఉండే మనిషే అసలు గట్టి మనిషి. పంపు, ట్యూబు, పంక్చరు సామాను, మందుల పెట్టె ఆమె దగ్గరే ఉంటాయి. ఏం జరిగినా ఆమెను దాటి ఎవరూ వెనకబడరు. ఆమె పక్కన ఎప్పుడూ ఇంకొకరు ఉంటారు కాబట్టి, ఎవరి సైకిలు ఆగినా అక్కడ ముగ్గురవుతారు. ముందున్న మనిషి ప్రతి మలుపు దగ్గరా ఆగాలి. చివరి మనిషి వచ్చి "అందరం ఉన్నాం" అన్న తర్వాతే కదలాలి. పన్నెండు మంది దాటితే రెండు దండులు చేసుకోవడం నయం. పొగమంచులో అంతకన్నా ఎక్కువ తలలు లెక్కపెట్టడం కష్టం.

వేగం మాటేమిటంటారా? అందరికన్నా నెమ్మదిగా తొక్కే మనిషి వేగమే దండు వేగం. మాది గంటకు 14, 15 కిలోమీటర్లు. బాగా తొక్కే పిల్లలకు విసుగొస్తుందని మొదట భయపడ్డాను. వాళ్లకు చివరి మనిషి బాధ్యత అప్పగించాను. ఇప్పుడు గొలుసు తగిలించడంలో వాళ్లను మించినవాళ్లు లేరు!

చలి ఎలా పట్టుకుంటుంది?

హైదరాబాదులో ఏం చలి అని ఉత్తరాది వాళ్లు నవ్వుతారు. 1946 జనవరి 8న ఇక్కడ 6.1 డిగ్రీలకు పడిపోయిందని రికార్డులు చెబుతాయి. అంత కాకపోయినా, డిసెంబరు జనవరి నెలల్లో నగర శివార్లలో 10 డిగ్రీల చుట్టుపక్కలకు రావడం మామూలే. ఊరి మధ్య కాంక్రీటు పగలు తాగిన వేడిని రాత్రంతా మెల్లగా వదులుతుంది. పొలాలున్నచోట ఆ అడ్డు ఉండదు. నేల వేడి ఆకాశంలోకి పోతుంది. అందుకే మెహిదీపట్నంలో స్వెట్టరు బరువనిపిస్తే, హిమాయత్‌సాగర్ దగ్గర అది చాలదనిపిస్తుంది.

ఇంకో సంగతి. అన్నిటికన్నా చలి ఎక్కువగా ఉండేది అర్ధరాత్రి కాదు, సూర్యోదయం వేళకు. డిసెంబరు చివర మనకు పొద్దు పొడిచేది ఆరూ నలభై దాటాక. అంటే అయిదున్నరకు బయల్దేరిన దండు గంటసేపు పెరిగే చలిలోకే వెళ్తుందన్నమాట. ఇంటి గుమ్మం దగ్గర చలిని చూసి బట్టలు వేసుకుంటే సరిపోదు.

దానికి గాలి తోడవుతుంది. పది డిగ్రీల చలిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే, ఒంటికి అది ఏడు డిగ్రీల చలిలా తగులుతుంది. ముందుగా దెబ్బతినేవి వేళ్లు, చెవులు, ముక్కు. వేళ్లు మొద్దుబారితే బ్రేకు పట్టు చాలదు. ఎంత గట్టిగా నొక్కామో మనకే తెలియదు. అందుకే గ్లవుజులు ఉండాలి, కానీ బ్రేకు నొక్కలేనంత మందంగా ఉండకూడదు. శాలువా, చున్నీ చుట్టుకుని సైకిలెక్కడం మాత్రం వద్దే వద్దు. చక్రంలో చిక్కుకుంటే చలి కన్నా పెద్ద ప్రమాదం.

ఒకే మందపాటి స్వెట్టరు కన్నా రెండు మూడు పల్చటి బట్టలు మేలు. మధ్య మధ్య గాలి నిలిచి వెచ్చగా ఉంటుంది, ఎండెక్కాక ఒక్కొక్కటీ తీసేయొచ్చు. నూలు బట్ట చెమటకు తడిసి ఆరదు. ఆగగానే ఒళ్లు జిల్లుమంటుంది. నాకు ఆ రోజు జరిగింది అదే. లోపల వేసుకునేది త్వరగా ఆరే రకమైతే మంచిది. ఇక పాతకాలం సైకిలు వీరుల చిట్కా ఒకటి చెప్పనా? స్వెట్టరు లోపల ఛాతీకి అడ్డంగా న్యూసు పేపరు మడిచి పెట్టుకోవడం. ఎదురుగాలిని భేషుగ్గా ఆపుతుంది. చదివేసిన పేపరుకు ఇంతకన్నా సద్వినియోగం ఏముంటుంది?

చలిలో దాహం వేయదు. అయినా నీళ్లు తాగాలి. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు పెట్టుకుంటే తాగబుద్ధవుతుంది. ఆగడం ఎంతసేపంటే అయిదు నిమిషాలు. పదిహేను నిమిషాలు కబుర్లు చెప్పుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు చల్లటి పొడిగాలి పడదు. డాక్టరును అడిగే రావాలి, ఇన్‌హేలరు జేబులో ఉండాలి. చక్కెర జబ్బుకు మందులు వాడేవాళ్లు ఖాళీ కడుపుతో బయల్దేరకూడదు.

పొగమంచులో దీపం ఎంత కాంతిగా ఎదురుగా వేస్తే అంత తెల్లగోడలా కనిపిస్తుంది. దాన్ని కిందికి, రోడ్డు మీదికి వంచాలి. వెనక ఎర్రదీపం తప్పనిసరి. యాభై అడుగుల దూరంలోని సైకిలు కనపడటం లేదంటే దండును ఆపేయడమే. పొద్దెక్కితే మంచు అదే కరుగుతుంది. ఆగినందుకు ఎవరూ చిన్నబోనక్కర్లేదు. దాని కోసం విమానాలే ఆగుతాయి!

పైకి చెప్పని మాటలు

టీచరమ్మ అన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. "నా వల్ల అందరూ ఆగడం ఎందుకు?" ఈ మాట మనకు ఎంత అలవాటో చూడండి. పెళ్లి ప్రయాణంలో బస్సు ఆపమనడానికి మొహమాటం. ఆఫీసులో తలనొప్పి అనడానికి మొహమాటం. ఇంట్లో ఆకలి అనడానికీ మొహమాటమే. సైకిలెక్కినంత మాత్రాన ఆ అలవాటు ఎక్కడికి పోతుంది?

అందుకని దండును నడిపేవాళ్లే అడగాలి. అడగడంలోనూ పద్ధతుంది. "అందరూ బాగున్నారా?" అంటే అందరూ "ఆఁ" అంటారు. ఒక్కొక్కరి పక్కకూ వెళ్లి, "వేళ్లు కదులుతున్నాయా? ఏవీ, గుప్పిట మూసి తెరువు" అంటే అసలు సంగతి బయటపడుతుంది. మాట ముద్దగా వస్తున్నా, వణుకు ఆగకపోయినా, నవ్వే మనిషి ఉన్నట్టుండి మౌనమైపోయినా చలి లోపలికి దిగిందని అర్థం. ఆ మనిషిని వెచ్చటి చోట కూర్చోబెట్టి పొడిబట్ట కప్పి, తియ్యటి టీ తాగించాలి. పంతానికి పోయి ముందుకు లాక్కెళ్లకూడదు.

ఇంకో చెప్పని మాట బాత్రూము. చలికి ఆ అవసరం ఇంకా ఎక్కువ. అది తలుచుకునే నీళ్లు తాగడం మానేసేవాళ్లు మనలో ఎందరో! దారి నిర్ణయించుకునేటప్పుడే ఎక్కడెక్కడ పెట్రోలు బంకులున్నాయో, వాటిలో ఏది శుభ్రంగా ఉంటుందో ముందు రోజు చూసి రావాలి. "ఇక్కడ పది నిమిషాలు ఆగుతున్నాం, ఎవరైనా వెళ్లి రావచ్చు" అని నడిపే మనిషే అంటే ఎవరూ అడగాల్సిన పనుండదు. నెలసరి రోజులకు కావలసినవి మందుల పెట్టెలోనే పెడుతున్నాం. మొదట్లో సిగ్గుపడ్డ పిల్లలే ఇప్పుడు అవి అయిపోతే గుర్తుచేస్తున్నారు.

భయం మాటేమిటి?

భయం లేదని నేను చెప్పను. ఆ పది నిమిషాల తర్వాత అసలే చెప్పను. పక్కింటి కోడలు రెండు వారాలు రాలేదు. వాళ్లింట్లో ఏమన్నారో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మూడో వారం తనే వచ్చింది. "ఆ రోజు ఏడుగురం కలిసి వెనక్కి తిరిగాం కదక్కా. అది చెప్పాను ఇంట్లో" అంది.

జాగ్రత్తలు తీసుకుంటున్నాం. దారి, వేళ, ఎవరెవరు వస్తున్నదీ రాసి ఇంట్లో ఇచ్చి బయల్దేరుతున్నాం. ఫోను సంచి అడుగున కాదు, చేతికందే జేబులో ఉంటోంది. 112, 108 నంబర్లు అందరికీ కంఠతా వచ్చు. తెలంగాణలో 2014 అక్టోబరులో షీ టీమ్స్ వచ్చాయి. 2024 మార్చిలో పోలీసులు 'టీ-సేఫ్' అనే సేవ తెచ్చారు. ప్రయాణం మొదలుపెట్టేటప్పుడు నమోదు చేసుకుంటే గమ్యం చేరేదాకా కనిపెట్టి ఉంటుంది. ఇవన్నీ మంచివే. అయితే మాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చేది ఒక్కటే: ఒకరి టైరు గాలి పోతే ఎనిమిది సైకిళ్లూ ఆగుతాయన్న నమ్మకం.

ఆడవాళ్లు దండుగా సైకిలెక్కితే ఏమవుతుందో మరో రాష్ట్రం ఎప్పుడో చూపించింది. తమిళనాడులోని పుదుక్కోటై జిల్లాలో 1991 ప్రాంతంలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటే వేల మంది పల్లె స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. 1992 మహిళా దినోత్సవం నాడు 1,500 మందికి పైగా స్త్రీలు సైకిళ్ల మీద ఊరేగితే జనం నోళ్లు వెళ్లబెట్టి చూశారు. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లిచ్చే పథకం పెట్టింది. దాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు సుమారు 30 శాతం పెరిగారని లెక్కకట్టారు. అదే డబ్బు చేతికిస్తే ఇంత ఫలితం రాకపోవచ్చని కూడా అన్నారు. పిల్లలు గుంపులుగా సైకిళ్ల మీద వెళ్లడం వల్ల దారిలో భద్రత పెరిగి ఉండవచ్చని వాళ్ల ఊహ. మేకలు కాసే ముసలమ్మకు ఆ ఊహ ముందే తెలుసు!

బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

* ముందు రోజు సాయంత్రమే బ్రేకులు, గొలుసు, దీపాలు చూసుకోవాలి. టైర్ల గాలి తెల్లారి ఇంకోసారి నొక్కి చూడాలి. చలికి కాస్త తగ్గుతుంది.
* పల్లె దారుల్లో సర్కారు తుమ్మ ముళ్లు ఎక్కువ. ఇద్దరికి ఒకటి చొప్పున స్పేరు ట్యూబు, దండుకు రెండు పంపులు ఉండాలి. ట్యూబు మార్చడం అందరూ నేర్చుకోవాలి.
* హెల్మెట్టు, మెరిసే పట్టీలున్న జాకెట్టు తప్పనిసరి. హెల్మెట్టు లోపల చెవులు కప్పే పల్చటి టోపీ చాలు. మంకీ క్యాపు వేస్తే వెనక బండి చప్పుడు వినపడదు.
* రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు, మధ్య రెండు సైకిళ్ల దూరం. ముందున్నవాళ్లు "గుంత!" అంటే ఆ మాట చివరిదాకా అందాలి. "వెనక బండి!" అనే మాట చివరి నుంచి ముందుకు రావాలి.
* ప్రతి ఒక్కరి దగ్గరా రెండు అరటిపళ్లు, నాలుగు వేరుశనగ ఉండలు, ఓ పొడి చొక్కా.
* మొదటిసారి 15 కిలోమీటర్లు చాలు. అలవాటయ్యాకే 40.

మొన్నటి ఆదివారం

సంక్రాంతికి ముందు మళ్లీ అదే దారిలో వెళ్లాం. ఈసారి ముందు టీచరమ్మ. ఆమె వేగమే మా అందరి వేగం. చివర నేను, నా సంచిలో పంపూ మందుల పెట్టే. చలి అలాగే ఉంది. నా వీపు అలాగే వణికింది. ముందుకు దూసుకెళ్లే వీలు లేదు కాబట్టి ఊరికే కూనిరాగం తీస్తూ తొక్కాను. చివర్నుంచి చూస్తే దండు మొత్తం కనపడుతుందని నాకు అప్పుడే తెలిసింది. మంచులో ఏడు ఎర్రదీపాలు, ఒకదాని వెనక ఒకటి, ఊగుతూ వెళ్తున్నాయి.

అమ్మపల్లి గుడి 13వ శతాబ్దం నాటిదని చెబుతారు. ఎత్తయిన గాలిగోపురం మొదట పైన మాత్రమే కనిపించింది. పొద్దెక్కే కొద్దీ కింది అంతస్తులు ఒక్కొక్కటే మంచులోంచి బయటపడ్డాయి. సినిమా షూటింగులతో ఎప్పుడూ సందడిగా ఉండే కోనేరు గట్టు ఆ వేళకు మాదే. ఇడ్లీ డబ్బాలు విప్పాం. కుట్టుమిషను వదిన అందరికీ సరిపడా అనపకాయ గుడాలు తెచ్చింది. ఉన్ని గ్లవుజుల్లో వేళ్ల చివర్లు కత్తిరించి అంచులు కుట్టి టీచరమ్మకు ఇచ్చింది కూడా. ఇప్పుడు గొలుసు ఊడినా ఆమే తగిలించుకుంటారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ మలుపు దగ్గర ముసలమ్మ కనిపించింది. మంట ఆరిపోయింది. మేకలు రోడ్డు దాటుతున్నాయి. మేం ఆగి దారిచ్చాం. ఆమె చేతికర్ర ఎత్తి, మేకల్ని చూసినట్టే మమ్మల్నీ ఒక్కొక్కరినే చూపిస్తూ లెక్కపెట్టింది.

"ఒకటి, రెండు, మూడు..."

ఎనిమిదో దగ్గర నేనున్నాను. నా మొహం గుర్తుపట్టినట్టుంది. నవ్వింది.

"అందరున్నరు. ఇగ పోండ్రి బిడ్డా!"